ఎలిజబెత్ వారెన్

ఎలిజబెత్ వారెన్ (జననం: 1949 జూన్ 22) అమెరికాకు చెందిన న్యాయశాస్త్ర ఆచార్యురాలు, డెమొక్రటిక్ పార్టీ నాయకురాలు. దివాలా చట్టంలో నిపుణురాలిగా మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పి, 2013 నుంచి మసాచుసెట్స్ తరఫున సెనేట్ సభ్యురాలిగా కొనసాగుతున్నారు. అప్పుల్లో కూరుకుపోయిన సామాన్య కుటుంబాలపై ఆమె చేసిన పరిశోధనే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ఏర్పాటుకు దారితీసింది.

బాల్యం, చదువు

ఓక్లహోమా సిటీలో ఒక దిగువ మధ్యతరగతి కుటుంబంలో నలుగురు పిల్లల్లో చివరి సంతానంగా పుట్టారు. ఆమెకు పన్నెండేళ్లున్నప్పుడు తండ్రికి గుండెపోటు వచ్చింది. వైద్యం ఖర్చులు మీదపడ్డాయి, జీతం తగ్గింది, కారు చేజారింది. ఇల్లు కూడా పోయే పరిస్థితిలో తల్లి సియర్స్ దుకాణంలో కనీస వేతనానికి ఉద్యోగంలో చేరి దాన్ని నిలబెట్టారు.

వక్తృత్వ పోటీల్లో చూపిన ప్రతిభకు జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఉపకారవేతనం ఇచ్చింది. రెండేళ్లకే పెళ్లి చేసుకుని చదువు ఆపేసినా, 1970లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందారు. కొంతకాలం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పారు. చిన్న బిడ్డను పెంచుకుంటూనే రట్గర్స్ న్యాయకళాశాలలో చేరి 1976లో లా పూర్తిచేశారు.

ఆచార్యవృత్తి, పరిశోధన

రట్గర్స్‌లో మొదలైన బోధన హ్యూస్టన్, టెక్సాస్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల మీదుగా 1995లో హార్వర్డ్‌కు చేరింది. ప్రశ్న మీద ప్రశ్న వేసి విద్యార్థి చేతనే జవాబు రాబట్టడం ఆమె పద్ధతి. హార్వర్డ్‌లో ఉత్తమ బోధనా పురస్కారం ఆమెకు రెండుసార్లు దక్కింది.

అమెరికాలో 1978లో కొత్త దివాలా చట్టం వచ్చింది. ఐపీ పెట్టేవాళ్లలో చాలామంది అప్పు ఎగ్గొట్టే ఉద్దేశంతోనే కోర్టుకు వస్తారన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. తొలుత తానూ అలాగే అనుకున్నానని వారెన్ చెప్పారు. సామాజిక శాస్త్రవేత్త తెరెసా సల్లివన్, న్యాయ ఆచార్యుడు జే వెస్ట్‌బ్రూక్‌లతో కలిసి ఆమె మూడు రాష్ట్రాల కోర్టుల్లో 1981లో దాఖలైన 1,500కు పైగా దరఖాస్తులను పరిశీలించారు. దరఖాస్తుదారుల్లో ఎక్కువమంది ఉద్యోగం, సొంతిల్లు, చదువు ఉన్న మధ్యతరగతివాళ్లే. ఉద్యోగం ఊడడం, జబ్బు చేయడం, విడాకులు వంటి దెబ్బలు వాళ్లను అక్కడికి నెట్టాయి. ఈ ఫలితాలు 1989లో పుస్తకంగా వచ్చాయి. న్యాయశాస్త్ర రచన తీర్పుల విశ్లేషణకే పరిమితమైన కాలంలో కోర్టు గుమస్తాల దగ్గరున్న కాగితాలను తిరగేయడం అరుదైన పని.

2003లో కుమార్తె అమీలియాతో కలిసి రాసిన పుస్తకంలో మరో విషయం చూపించారు. మంచి బడి ఉన్న పేటలో ఇల్లు కొనడానికి భార్యాభర్తల ఇద్దరి జీతాలూ ముందే ఖర్చయిపోతున్నాయి. ఒక జీతం ఆగితే నిలదొక్కుకోవడానికి రెండో ఆసరా ఉండదు.

చట్టాల పోరాటం

1995లో జాతీయ దివాలా సమీక్షా సంఘానికి సలహాదారు అయ్యారు. దివాలా రక్షణను కఠినం చేయాలని బ్యాంకులు, క్రెడిట్ కార్డు సంస్థలు కోరిన బిల్లును దాదాపు పదేళ్లు ఎదిరించారు. చివరికి ఓడిపోయారు, 2005లో బిల్లు చట్టమైంది.

2007లో ఒక పత్రికా వ్యాసంలో కొత్త వాదన ముందుకు తెచ్చారు. మంటలు రేగే ప్రమాదమున్న టోస్టర్‌ను అమ్మనివ్వని దేశం, ఇల్లు పోగొట్టే రుణాన్ని మాత్రం యథేచ్ఛగా అమ్మనిస్తోందన్నారు. రుణాలనూ వస్తువుల్లాగే తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ కావాలని కోరారు. మరుసటి ఏడాదే ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఆర్థిక సంస్థలను ఆదుకునేందుకు ప్రభుత్వం కేటాయించిన 70,000 కోట్ల డాలర్ల సహాయ నిధి వినియోగాన్ని పరిశీలించే సంఘానికి ఆమె అధ్యక్షురాలయ్యారు. దాదాపు 17,600 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులకు ఖజానా 25,400 కోట్లు చెల్లించిందని 2009లో ఆ సంఘం తేల్చింది.

2010 జులైలో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం ఆమె కోరిన సంస్థకు, అంటే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు, ప్రాణం పోసింది. దాన్ని నిలబెట్టే బాధ్యతను అధ్యక్షుడు ఒబామా ఆమెకే ఇచ్చారు. అయితే రిపబ్లికన్ల వ్యతిరేకత వల్ల డైరెక్టర్ పదవి రిచర్డ్ కార్డ్రేకు దక్కింది.

సెనేట్‌లో

2012లో రిపబ్లికన్ సెనేటర్ స్కాట్ బ్రౌన్‌ను ఓడించి మసాచుసెట్స్ నుంచి తొలి మహిళా సెనేటర్ అయ్యారు. 2018, 2024లలోనూ గెలిచారు. 2013 ఫిబ్రవరిలో బ్యాంకింగ్ కమిటీలో తన తొలి విచారణలో, వాల్‌స్ట్రీట్ బ్యాంకును చివరిసారి ఎప్పుడు కోర్టు విచారణకు తీసుకెళ్లారని నియంత్రణ అధికారులను అడిగారు. సూటి జవాబు రాలేదు. తరగతి గదిలోని ఆ ప్రశ్నల తీరు దేశమంతటికీ తెలిసింది. డాక్టర్ చీటీ లేకుండా వినికిడి యంత్రాలు కొనుక్కునేందుకు వీలు కల్పించిన 2017 చట్టాన్ని రిపబ్లికన్ సెనేటర్ చక్ గ్రాస్లీతో కలిసి తెచ్చారు.

2020 అధ్యక్ష ఎన్నికల బరిలో 5 కోట్ల డాలర్లకు మించిన సంపదపై పన్ను ప్రతిపాదించారు. సొంత రాష్ట్రం ప్రైమరీలోనూ మూడో స్థానంలో నిలవడంతో మార్చి 5న తప్పుకున్నారు. తనకు ఆదివాసీ మూలాలున్నాయన్న ఆమె మాట తీవ్ర విమర్శకు గురైంది. 2018లో డీఎన్‌ఏ పరీక్ష ఫలితాలు ప్రకటించడంతో వివాదం ముదిరింది. 2019లో చెరోకీ నేషన్‌కు క్షమాపణ చెప్పారు.

ప్రాధాన్యం

ఆమె ఊహించిన సంస్థ 2024 నాటికి 1,900 కోట్ల డాలర్లకు పైగా మేలును వినియోగదారులకు చేకూర్చింది. దాని నిధుల ఏర్పాటు రాజ్యాంగబద్ధమేనని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం దాని పనులను నిలిపివేయాలని ఆదేశించగా, ఎదిరించినవారిలో వారెన్ ముందున్నారు. చట్టం కింద నలిగేవారి లెక్కలు తీసి, ఆ లెక్కలతోనే చట్టాన్ని మార్చవచ్చని ఆమె జీవితం నిరూపించింది. న్యాయ విద్యార్థులకు ఆమె ఇచ్చిన అత్యంత విలువైన పాఠం అదే.