వాన తప్పిన కాలంలో సేద్యం: పావగడ సీమ

కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దు ఉన్నది. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఈ సీమ పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉండుటచే ఇచ్చట వాన సహజంగానే స్వల్పం. వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం అధికంగా తేమను పట్టి ఉంచగలదు. అందువల్ల కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతున్నది. వానల నడుమ ఎండ నేలను మరింత త్వరగా ఆరబెడుతున్నది.

పంటలు: వేరుశనగ ఊడలు దిగే దశలో నేలలో తేమ లేకుంటే కాయ పట్టదు. కనుక సాళ్ల నడుమ కంది, ఆముదం, అలసంద వేయుట మేలు. దీనిని కన్నడంలో 'అక్కడి' సాగు అంటారు. కంది వేరు లోతుకు పోతుంది. వేరుశనగ దెబ్బతిన్నా కంది కొంత ఆదుకొంటుంది. అదను దాటితే ఉలవ వేసుకోవచ్చు. అది మనుషులకు గింజ, పశువులకు మేత.

నీరు: ఎకరా నేలపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 40 వేల లీటర్ల నీరు. అందులో పారిపోయే నీటిని సేద్యపు కుంటలో నిలిపితే బెట్టకాలంలో ఒక తడి ఇచ్చి పంటను కాపాడుకోవచ్చు. కర్ణాటక ప్రభుత్వం 2014లో ఆరంభించిన 'కృషి భాగ్య' పథకం క్రింద 'కృషి హొండ'లకు సహాయం అందించారు. ప్లాస్టిక్ పట్టా పరచిన గట్టుపై కాలు జారితే పిల్లలు పైకి ఎక్కలేరు. కుంట చుట్టూ కంచె తప్పనిసరి.

భూమి కౌలు: తిరుమణి మొదలైన ఐదు గ్రామాలలో సుమారు 13 వేల ఎకరాలను రైతులు సౌర విద్యుత్ పార్కునకు కౌలుకు ఇచ్చారు. 2018లో ఉత్పత్తి మొదలైనది. తొలి కౌలు ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు. భూయజమానికి వానతో నిమిత్తం లేని ఆదాయం లభించినది. భూమి లేని కూలీకి పొలం పని, గొర్రెల కాపరికి మేతబీడు తగ్గినవి. ఒక ఇంటికి ఊరట అయినది పొరుగింటికి నష్టం కావచ్చునని ఇతర గ్రామాలవారు గ్రహించవలసి ఉన్నది.

బీమా: ఇల్లు ఒక రాష్ట్రంలో, చేను మరొక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు మన సరిహద్దులో అనేకం. పంటల బీమాకు చేను ఉన్న రాష్ట్రపు నిబంధనలు, గడువులే వర్తిస్తాయి. కర్ణాటకలో పహణి, ఆంధ్రలో అడంగల్ విత్తనానికి ముందే సరిచూసుకొనవలెను. పేరు తప్పుగా ఉంటే పంట పోయిన తరువాత పరిహారం చేతికి అందుట కష్టం.