మొదటి అంకము మాత్రమే మిగిలిన నాటకము

గ్రంథమునకు కాగితమున్నది, శిల్పమునకు రాయి ఉన్నది. ప్రసారమైన మాటకు, బొమ్మకు ఆధారమేమి? రేడియో శ్రోతలమైన మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బ్రిటిష్ టెలివిజన్‌లో మిక్కిలి ప్రఖ్యాతి గన్న 'ది అవెంజర్స్' అను నాటకమాలలోని తొలి నాటకము చరిత్ర దీనికి కొంత సమాధానము చెప్పుచున్నది.

ఆ నాటకము పేరు 'హాట్ స్నో'. అనగా వేడి మంచు. తెల్లని మత్తుమందు పొడికి అక్కడి దొంగల పరిభాషలో మంచు అని పేరు. ఏ.బి.సి. అను టెలివిజన్ సంస్థ దీనిని 1961 జనవరి 7వ తేదీన ప్రసారము చేసినది. దర్శకుడు డాన్ లీవర్.

కథ లండన్ నగరమున జరుగును. డేవిడ్ కీల్ అను యువ వైద్యునికి, ఆయన వద్ద పనిచేయుచున్న పెగ్గీకి వివాహము నిశ్చయమైనది. మత్తుమందుల ముఠాకు చెందిన హెరాయిన్ పొట్లమొకటి పొరపాటున ఆ వైద్యశాలకు చేరినది. ఇరువురును ఉంగరము కొనుటకు వెళ్లిన వేళ ముఠావారు పెగ్గీని వీథిలోనే కాల్చి చంపిరి. హంతకులను వెదకబోయిన కీల్‌కు జాన్ స్టీడ్ అను గూఢచారి తోడైనాడు. 'అవెంజర్స్' అనగా ప్రతీకారము తీర్చుకొనువారని అర్థము. తరువాతి కాలమున ఈ మాల హాస్యచమత్కారములవైపు మరలి 1969 వరకు నడచినది. దానికి ఆ పేరు ఏల వచ్చినదో తెలుపునది ఈ తొలి కథయే.

అట్టి నాటకము పూర్తిగా నిలువలేదు. ఆ రోజులలో కొన్ని నాటకములు నటించుచుండగనే నేరుగా ప్రసారమయ్యెడివి. కొన్నింటిని టేపుపై ముద్రించెడివారు. టేపు వెల అధికము. అందుచేత పాతదానిని చెరిపి, క్రొత్తదానికి వాడుట పరిపాటియైనది. ఇందు దురుద్దేశమేమియు లేదు. ఒకసారి చూచిన నాటకమును ఏండ్లు గడచిన పిమ్మట మరల కోరువారుందురని నాడు ఎవరికి తోచును? తత్ఫలితముగా తొలి సంవత్సరపు 26 నాటకములలో నేడు సంపూర్ణముగా లభించునవి 3 మాత్రమే.

'హాట్ స్నో' మొదటి అంకము అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు చిత్రభాండారమున 2001లో కనబడినది. పెగ్గీ మరణము మిగిలినది, ప్రతీకారము పోయినది. కీల్‌గా నటించిన ఇయాన్ హెండ్రీని అందు చూడగలము. కాని ఈ మాలకు జీవమై నిలిచిన స్టీడ్, అనగా పాట్రిక్ మక్నీ, ఆ భాగమున కానరాడు. ఆ సంవత్సరపు మరియొక నాటకము 'టనెల్ ఆఫ్ ఫియర్' 2016లో తిరిగి లభించినది. అప్పటికి హెండ్రీ గతించి 32 ఏండ్లు. మక్నీ అంతకు ముందటి సంవత్సరముననే కన్నుమూసెను.

శ్రోతలకు ముచ్చట గొలుపు విషయము మరియొకటి కలదు. బొమ్మలు పోయినను వ్రాతప్రతులు మిగిలినవి. బిగ్ ఫినిష్ అను సంస్థ వానిని ఆధారము చేసికొని, 2014 మొదలుగా, క్రొత్త నటుల కంఠములతో ఆ నాటకములను శ్రవ్యరూపమున విడుదల చేసినది. వానిలో 'హాట్ స్నో' కూడ ఉన్నది. కన్నులకు దూరమైన కథ చెవులకు దక్కినది.

ప్రసారము గాలిలో కలసిపోవునది నిజమే. అది మరల వినబడవలెనన్నచో ఎవరో ఒకరు ఒక ప్రతిని పదిలపరుపవలెను. ఆనాటి సంస్థలు విలువలేనిదని తలచినదే నేడు చరిత్రకారునికి పెన్నిధియైనది. మన యిండ్లలోని పాత టేపులను, వ్రాతప్రతులను పారవేయుటకు ముందు మనము ఈ కథను ఒకసారి తలచుకొనుట మేలు.