పరుగువాని పాదము



రాజుల ఖడ్గములను గూర్చియు, కోటలను గూర్చియు మన చరిత్రకారులు విస్తారముగా వ్రాసియున్నారు. ఆ రాజు పంపిన జాబును చేతబట్టుకొని రాత్రింబగళ్లు పరుగెత్తినవాని అరికాలు ఏమయ్యెనో వ్రాసినవారు అరుదు. నేడు నేను ఆ అరికాలిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. అందును మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో పరుగెత్తినవారి పాదమును గూర్చి.

ఈ రెండు సీమలకు నడుమ గోదావరి ప్రవహించుచున్నది. ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లాగా మారినదియు, సిర్పూరు-తాండూరు ఉపజిల్లా ఆదిలాబాదు జిల్లాగా రూపొందినదియు 1905వ సంవత్సరముననే. 2016లో ఈ జిల్లాలు మరల పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. అయినను నదియు, టేకుటడవులును, ఉత్తరపు నల్లరేగడియు ఉన్నచోటనే ఉన్నవి. కాజీపేటనుండి బల్లార్షాకు పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లిల మీదుగా రైలుదారి పూర్తియైనది 1920ల దశాబ్దపు చివరి భాగమున. అంతకుమున్ను వానకాలము వచ్చినదనిన రేగడి బురదలో బండిచక్రము ఇరుసు వరకు దిగబడిపోవుచుండెను. గుఱ్ఱము కూడ అడుగు తీయలేని చోట మనుష్యుని పాదమొక్కటే సాగగలిగెడిది. కావున ఈ సీమలో వార్త నడచినదనిన మనుష్యుడు నడచినాడనియే అర్థము.

పాదచారుల తపాలా మనదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. 1333లో సింధునదీ తీరమునకు వచ్చిన ఇబన్ బటూటా అను మొరాకో దేశపు యాత్రికుడు దానిని కన్నులార చూచి వర్ణించినాడు. మైలునకు మూడు మజిలీలు. పరుగువాని యొక చేత జాబు, రెండవ చేత కొనయందు రాగిగంటలు కట్టిన కఱ్ఱ. ఆ గంటల సవ్వడి వినగానే తరువాతి మజిలీవాడు నడుము బిగించి సిద్ధముగా నిలుచును. ఈ తపాలా గుఱ్ఱపు తపాలాకంటెను వేగవంతమనియు, దౌలతాబాదున నున్న సుల్తానునకు నలువది దినముల ప్రయాణదూరమునుండి గంగాజలమును ఈ విధముగనే చేర్చుచుండిరనియు ఆయన ఆశ్చర్యముతో చెప్పినాడు. గంటల సంగతి చెప్పినాడు, కఱ్ఱ పొడవు కూడ చెప్పినాడు; కాలి సంగతి మాత్రము చెప్పలేదు.

అయినను ఆ యేర్పాటులో పాదమునకు మేలుచేయు గుణమొకటి కలదు. మైలులో మూడవవంతు పరుగెత్తినవాడు ఆగును, కాలు చల్లార్చుకొనును. తరువాతి కాలపు తపాలా హర్కారాకు ఆ భాగ్యము లేదు. హిందూదేశమందంతటను అతని మజిలీ సాధారణముగా అయిదు మొదలు ఎనిమిది మైళ్ల వరకు సాగినది. భుజముమీద సంచి, చేత ఈటె, ఆ ఈటెకు అడవిమృగములను బెదరించుటకై గజ్జెలు. నిజాం రాజ్యము 1869లో తన సొంత తపాలా బిళ్లను వెలువరించినది. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయినది. ఆ బిళ్లలను నేటికిని సేకరించి దాచుకొనువారు పెక్కుమంది కలరు.

హర్కారాకు జీతమైనను ఉండెను. జీతము లేక పరుగెత్తినవారు వేరొకరు కలరు. వెట్టిచాకిరి యనిన ఈ సీమలో వివరింపవలసిన పనిలేదు. సేత్‌సింధి, నీరడి మొదలగు గ్రామసేవకులు పల్లెనుండి తాలూకాకు కాగితములు మోయుచుండిరి. అధికారుల మూటలను ఊరినుండి ఊరికి చేర్చుచుండిరి. దొర బండి కట్టించి చుట్టముల యింటికి బయలుదేరెనేని, వెట్టివారు ఆ బండికి ముందు దారి తొలగించుచు పరుగెత్తవలసియుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ ప్రజాపోరాటమును గూర్చిన తమ గ్రంథమున వ్రాసియున్నారు. ఇక్కడ ఒక్క విషయము గమనింపుడు. హర్కారా తన శ్వాసనుబట్టి పరుగును సవరించుకొనగలడు. బండిముందు పరుగెత్తువాని వేగమును ఎడ్లు నిర్ణయించును. కాలు నొచ్చినదని ఆగుటకు వీలులేదు, ఆగినచో వెనుక బండి ఉన్నది.

తంగేడు చెక్కతో లందలో తోలును ఊనవేసి, కిర్రుచెప్పులు కుట్టినవాడు మాదిగ. ఆ చెప్పులు తొడిగికొని గడీముందు నడచుటకు అతనికే అనుమతి లేదు, విప్పి చేతబట్టుకొనవలసినదే. ఊరందఱి పాదములకు రక్ష కల్పించినవాడు తాను వట్టికాళ్లతో తుమ్మముండ్ల దారిని పరుగెత్తినాడు. 1930లో జోగిపేటయందు మొదటిసారి సమావేశమైన ఆంధ్ర మహాసభ వెట్టికి ఎదురు గొంతెత్తినది. మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన దాని నాలుగవ సభ 1935లో ఈ సీమలోని సిరిసిల్లయందే జరిగినది. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దుపఱచు శాసనము దేశమున 1976లో వచ్చినది. ఆ తరువాత కూడ, 1978లో, జగిత్యాల ప్రాంతపు రైతుకూలీలు వెట్టి పోవలెనని వేలసంఖ్యలో నడువవలసి వచ్చినదనిన ఆ ఆచారము ఎంత లోతుగా పాతుకొనియుండెనో ఊహించుకొనుడు.

ఇక ఈ పాదములు పడిన బాధలేవి? కంటికి కనబడునవి కొన్ని కలవు. ముల్లు దిగినచోట నల్లజీడి గింజను కాల్చి ఆ నూనెతో చురుకు పెట్టుట పల్లెలలో వాడుక. అది ముల్లుపోటును మాన్పినను మాన్పకున్నను చర్మమును పొక్కించుట మాత్రము నిశ్చయము. మఱియొకటి నారికురుపు. దారిలో దాహమై దిగుడుబావి నీరు త్రాగినవాని శరీరమున పురుగు పెరిగి, ఇంచుమించు ఏడాదికి కాలిపై పొక్కుగా లేచి, మూర పొడవున కొన్నిసార్లు రెండు మూరల పొడవున వెలువడును. దానిని పుల్లకు చుట్టుచు దినమున కొంచెము కొంచెముగా లాగవలెను. తెగినచో కాలు వాచి చీము పట్టును. ఆంధ్రప్రదేశముతో కూడ ఏడు రాష్ట్రములలో నుండిన ఈ వ్యాధికి మందుగాని, టీకాగాని లేదు. నీటిని వడగట్టుట, బావులలోనికి దిగకుండ కట్టడి చేయుట మొదలగు చర్యలచేతనే అది తొలగినది. 1996 తరువాత దేశమున ఒక్క రోగియు కనబడలేదు. 2000లో భారతదేశము దానినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచినది.

కంటికి కనబడని గాయము సంగతి వేరు. విషమ ప్రదేశమున పాదము మోపుటచేత కలుగు మడమనొప్పికి సుశ్రుతుడు వాతకంటకమని పేరు పెట్టినాడు. ఎక్కువగా నడచువారికి కలుగు అరికాలి మంటను పాదదాహమన్నాడు. వేలయేండ్ల క్రిందటి వైద్యుడు నడచువాని బాధను వ్యాధుల జాబితాలో చేర్చుట సామాన్యమైన సంగతి కాదు. తరువాత 1855లో బ్రైత్‌హాప్ట్ అను ప్రష్యా సైనిక వైద్యుడు, దూరపు కవాతులు చేసిన సైనికుల పాదములు దెబ్బతగులకయే వాచి నొచ్చుచున్నవని వ్రాసినాడు. కారణము ఆయనకు దొరకలేదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనిన రెండేండ్లకు, 1897లో, ష్టెకోవ్ అను మఱియొక సైనిక వైద్యుడు ఆ కిరణములతో అట్టి పాదములను పరీక్షించి, వ్రేళ్ల వెనుకనుండు పొడవైన ఎముకలు విఱిగియున్నవని చూపినాడు. పడలేదు, దెబ్బ తగులలేదు. నడచుటచేతనే ఎముక విఱిగినది!

ఇది ఎట్లు సంభవించును? ఎముక ఱాయి వంటిది కాదు. దానిలో పాతభాగము కరుగుచు, క్రొత్తభాగము ఏర్పడుచు నిత్యమును మరమ్మతు జరుగుచుండును. బరువు హఠాత్తుగా పెరిగినప్పుడు కరుగుట ముందు సాగును, కట్టుట వెనుకబడును. ఆ కొద్దివారములలో విశ్రాంతి లేక అదే దెబ్బ మరల మరల పడినచో సన్నని చీలిక ఏర్పడును. వట్టికాళ్లే దీనికి మూలమనుట నాకు సమ్మతము కాదు. పుష్యమాసమున కేస్లాపూరు నాగోబా పూజకై మెస్రం వంశపు గోండులు జన్నారము చెంత కలమడుగు దగ్గఱి హస్తినమడుగునకు గోదావరీ జలముకొఱకు వట్టికాళ్లతోనే దినములకొలది నడచిపోదురు. కాని వారి దారిలో విడిదియూళ్లు కలవు, మఱ్ఱిచెట్ల నీడలు కలవు. అలసినవానికొఱకు గుంపు ఆగును. బండిముందరి వానికి లేనిది అది.

ప్రష్యా సైనికుని నొప్పిని వ్రాసిపెట్టుటకు ఒక వైద్యుడు ఉండెను, ఏలయన సైనికుడు కుంటినచో రాజ్యమునకు నష్టము. వెట్టివాడు కుంటినచో మఱియొకని పిలుతురు. మన సీమలో ఎన్ని పాదములలో ఆ సన్నని చీలిక ఏర్పడెనో, ఎందఱు దానిని సోమరితనమని తిట్లు తినిరో ఏ దస్త్రమునను లేదు.

నేడు ఈ సీమలో తెల్లవారుజామున మైదానములలో పరుగెత్తువారు వెట్టివారు కారు, ఉద్యోగార్థులు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్లు పరుగు నిర్ణయింపబడినది. ప్రకటన వెలువడిన నాటినుండి మాత్రమే సాధన మొదలిడి, కొలది వారములలో దూరమును రెట్టింపు చేయువారు చాలమంది. నొప్పి కలిగినను తోటివారికి చెప్పరు. వారిని తొందరపెట్టునది ఎడ్లు కాదు, తేదీ.

అట్టివారికి తెలియవలసిన సంగతులు ఇవి. ప్రొద్దున లేచి మొదటి అడుగు మోపినప్పుడు మడమక్రింద పోటు పొడిచి, నాలుగడుగులు నడచిన పిదప తగ్గెనేని అది తఱచుగా అరికాలి పట్టెకు సంబంధించిన బాధ. పిక్కను, అరికాలిని సాగదీయుటచేతను, పరుగు తగ్గించుటచేతను చాలమందికి నెమ్మదించును. అట్లుగాక పరుగెత్తినకొలది నొప్పి పెరుగుచు, పాదముపై ఒకేచోట వ్రేలితో నొక్కినప్పుడు ప్రాణము విలవిలలాడినచో, పండుకొనినప్పుడు కూడ సలుపుచున్నచో, ఎముక చీలినదేమోయని అనుమానింపవలెను. అప్పుడు నొప్పి మాత్రలు మ్రింగి పరుగెత్తుట కూడదు; సన్ననిచీలిక పూర్తిగా విఱుగవచ్చును. సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది వారముల విశ్రాంతితో అది అతుకుకొనును. మఱియొక మాట. ఈ చీలిక మొదటి రెండు మూడు వారములలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును. పటము బాగున్నదని వైద్యుడు చెప్పినను, నొప్పి అదేచోట నిలిచియున్నచో, పరుగు మానియుండి కొన్ని వారములకు మరల తీయింపవలెను.