పాత ట్రాక్టర్ స్టీరింగ్ బరువెక్కిందా? పంపు మార్చే ముందు చూడాల్సినవి

పాత ట్రాక్టర్‌లో పవర్ స్టీరింగ్ బిగుసుకుపోగానే చాలామంది మొదట అనుమానించేది పంపునే. స్టీరింగ్ విడిభాగాల్లో ఖరీదైన వాటిలో అదొకటి. కొత్త పంపు బిగించాక కూడా స్టీరింగ్ తిరగకపోతే డబ్బుతో పాటు సీజన్‌లో పని రోజులూ పోతాయి. నిజానికి ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం గాలి తగ్గిన టైరు, గ్రీజు అందని కింగ్‌పిన్, తగ్గిన ఆయిల్, వదులైన క్లిప్పు లాంటి చిన్న విషయాలే. ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి ఖర్చయ్యే వాటివైపు వెళ్లడమే సరైన క్రమం.

జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్ లాంటి నగర శివారు పేటల్లో ఈ సంగతికి ప్రాధాన్యం ఎక్కువ. సువర్ణరేఖ ఒడ్డున ఉన్న ఈ పేట పక్కనే అగ్రికో ఉంది. వ్యవసాయ పనిముట్లు తయారుచేసిన కంపెనీ పేరే ఆ ప్రాంతానికి నిలిచిపోయింది. ఇలాంటి చోట్ల ట్రాక్టర్ ఏడాదంతా పొలంలోనే ఉండదు. వానాకాలంలో పటమదా, పోట్కా వైపు వరి మళ్లలో దమ్ము చేసే బండే, మిగతా నెలల్లో ఇటుకలో, కంకరో, నీళ్ల ట్యాంకరో లాగుతుంది. బురద సీళ్లను తింటే, బరువు ముందు ఇరుసు పనిని మారుస్తుంది. రద్దీ రోడ్డులో వెనక నిండు ట్రాలీ ఉండగా స్టీరింగ్ మొరాయిస్తే మరమ్మతు ఖర్చు సంగతి అటుంచి, ప్రాణాల మీదికే వస్తుంది.

ముందు ఏ రకమో తెలుసుకోవాలి

పాత ట్రాక్టర్లలో పవర్ స్టీరింగ్ ప్రధానంగా రెండు రకాలు. మొదటి దానిలో మామూలు గేరుపెట్టె స్టీరింగ్‌కే ఆయిల్ ఒత్తిడి సాయం చేస్తుంది. ఆ సాయం ఆగినా బలం పెట్టి తిప్పితే చక్రాలు తిరుగుతాయి. రెండోది పూర్తి హైడ్రోస్టాటిక్. ఇందులో స్టీరింగ్ చక్రానికీ ముందు చక్రాలకూ మధ్య ఇనుప లంకె ఉండదు. స్టీరింగ్ తిప్పితే దాని కింద ఉన్న ఆర్బిట్రాల్ యూనిట్, పంపు నుంచి వచ్చే ఆయిల్‌ను కొలిచి సిలిండర్‌కు ఓ పక్కకో రెండో పక్కకో పంపుతుంది. సిలిండర్ రాడ్ చక్రాలను తిప్పుతుంది. ఇంజిన్ ఆగితే ఆర్బిట్రాలే చేతిపంపులా పనిచేస్తుంది, కాకపోతే చాలా బరువుగా తిరుగుతుంది.

ఆయిల్ ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి. కొన్ని బళ్లలో స్టీరింగ్‌కు విడి డబ్బా ఉంటుంది. కొన్నింటిలో గేర్‌బాక్సు, లిఫ్టు, స్టీరింగ్‌లకు ఒకటే ఆయిల్. లిఫ్టు కూడా మందగించిందంటే, ఉమ్మడి ఆయిల్ ఉన్న బండిలో ముందు ఫిల్టరును, ఆయిల్ మట్టాన్ని చూడాలి.

జాకీ చెప్పే మాట

మొదటి పని టైర్లలో గాలి చూడటం. ముందు టైర్లలో గాలి తగ్గితే మంచి స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. ఎంత గాలి ఉండాలో టైరు సైజును, బరువును బట్టి కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

తర్వాత వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు ఇరుసును జాకీతో లేపి కింద గట్టి స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఇంజిన్ ఆపి, సిలిండర్ పిన్ను తీసి, చక్రాలను చేత్తో అటూ ఇటూ నెట్టి చూడాలి. తేలిగ్గా కదలకపోతే లోపం కింగ్‌పిన్ దగ్గరో, బుష్‌ల దగ్గరో, ఇరుసు దగ్గరో ఉంది. హైడ్రాలిక్స్‌ను ముట్టుకోనక్కర్లేదు. చక్రాలు నేల మీద ఉన్నప్పుడు బరువంతా కింగ్‌పిన్ మీదే ఉంటుంది కాబట్టి గ్రీజు గన్ కొట్టినా గ్రీజు లోపలికి సరిగా పోదు. ఇరుసు లేపి, చక్రాన్ని తిప్పుతూ కొడితేనే అందుతుంది.

చక్రాలు తేలిగ్గానే తిరిగితే పిన్ను మళ్లీ పెట్టి, టైరాడ్ చివరలు, వీల్ బేరింగులు వదులుగా ఉన్నాయేమో పట్టి ఊపి చూడాలి. రోడ్డు మీద బండి అటూ ఇటూ లాగుతోందంటే కారణం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

ఆయిల్, గాలి

ఆయిల్ మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. అప్పుడు ఊళ లాంటి శబ్దం వస్తుంది, స్టీరింగ్ కుదుపులతో తిరుగుతుంది, డబ్బాలో నురగ కనిపిస్తుంది. మట్టం సరిగ్గానే ఉన్నా నురగ వస్తుంటే డబ్బా నుంచి పంపు దాకా ఉన్న పైపును అనుమానించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పీల్చే వైపు చీలిక ఉంటే ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ బయటికి కారకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. పైపు పొడిగా కనిపించినంత మాత్రాన బాగున్నట్టు కాదు. ముందు క్లిప్పు బిగించడం, గట్టిబడిన రబ్బరు పైపు మార్చడం, ఓరింగ్ మార్చడం చవకైన పనులు.

ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. దమ్ము చేసిన బళ్లలో ఇది కొత్తేమీ కాదు. ఆయిల్ మొత్తం దింపి, ఫిల్టరు మార్చి, నీళ్లు వచ్చిన దారి మూయాలి. బయట ఎక్కడా కారకుండానే ఆయిల్ తగ్గుతుంటే ఇంజిన్ డిప్‌స్టిక్ చూడాలి. పంపు ఇంజిన్ గేర్లతో తిరిగే బళ్లలో షాఫ్టు సీలు పోతే స్టీరింగ్ ఆయిల్ ఇంజిన్ సంపులోకి దిగుతుంది. అప్పుడు ఇంజిన్ ఆయిల్ మట్టం పెరుగుతుంది. బెల్టుతో తిరిగే పంపైతే బెల్టు బిగువు కూడా చూడాలి.

కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. దొరికింది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఆయిల్ మార్చాక గాలి తీయడానికి ముందు ఇరుసు లేపి, ఇంజిన్‌ను స్లోలో పెట్టి, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు నెమ్మదిగా తిప్పాలి. చివర్లో పట్టి ఉంచకూడదు. మధ్యమధ్య మట్టం చూస్తూ, బుడగలు ఆగేదాకా చేయాలి.

లక్షణాన్ని బట్టి లోపం

ఇంజిన్ స్లోలో బరువుగా, రేస్ ఇచ్చినప్పుడు తేలిగ్గా ఉంటే: ఆయిల్ చాలినంత అందడం లేదు. మట్టం, ఫిల్టరు, పీల్చే పైపు బాగుంటే అప్పుడు పంపు అరుగుదల గురించి ఆలోచించాలి.

ఎంత రేస్ ఇచ్చినా రెండు పక్కలా బరువుగా ఉంటే: రిలీఫ్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని ఉండవచ్చు, స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు.

ఒకే పక్కకు బరువుగా ఉంటే: పంపుది తప్పు కాదు. పంపు రెండు పక్కలకూ ఒకటే. వంగిన సిలిండర్ రాడ్, నలిగిన హోస్ పైపు, ఆ పక్క వాల్వ్‌లో చెత్త, ఇరుసులో పట్టు వీటిని చూడాలి.

చక్రాలు చివరిదాకా తిరిగినా స్టీరింగ్ ఇంకా తిరుగుతూనే ఉంటే: ఆయిల్ లోపలే జారిపోతోంది. కొద్దిగా జారడం మామూలే. సులువుగా గిర్రున తిరిగితే సిలిండర్ పిస్టన్ సీలో, ఆర్బిట్రాలో పోయినట్టు.

స్టీరింగ్ తనంతట తానే తిరిగితే: వెంటనే ఇంజిన్ ఆపాలి. ఆర్బిట్రాల్‌లో స్ప్రింగులు విరిగినా, విప్పి బిగించేటప్పుడు లోపలి గేరు గుర్తులు తప్పినా ఇలా జరుగుతుంది. స్టీరింగ్ కమ్మీ చేతిని విరిచేంత బలంగా తిరగగలదు.

పంపా, ఆర్బిట్రాలా, సిలిండరా?

సిలిండర్‌నూ ఆర్బిట్రాల్‌నూ వేరుచేసి చూడటానికి ఒక తేలిక మార్గం ఉంది. ఇంజిన్ ఆపి, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పి ఒత్తిడి వదిలించాక, సిలిండర్‌కు వెళ్లే రెండు పైపులను ఆర్బిట్రాల్ దగ్గర విప్పి, ఆ రంధ్రాలను ఒత్తిడి తట్టుకునే ఇనుప ప్లగ్గులతో మూయాలి. తర్వాత ఇంజిన్ స్లోలో స్టీరింగ్ తిప్పి చూడాలి. గట్టిగా ఆగిపోతే ఆర్బిట్రాల్ బాగుంది, లోపం సిలిండర్‌లో ఉంది. అప్పుడు సీల్ కిట్‌తో పని అయిపోవచ్చు. అప్పటికీ సులువుగా తిరిగిపోతుంటే ఆర్బిట్రాల్‌లోనే ఆయిల్ జారుతోంది.

పంపు బలం తేల్చేది ప్రెషర్ గేజ్ ఒక్కటే. పంపు నుంచి వెళ్లే పైపులో గేజ్ కలిపి, ఆయిల్ వేడెక్కాక, స్టీరింగ్‌ను చివరకు తిప్పి కొన్ని సెకన్లు మాత్రమే పట్టి చూడాలి. వచ్చిన అంకెను ఆ మోడల్ పుస్తకంతో పోల్చాలి. పంపు బయటి దారిని పూర్తిగా మూసి పరీక్షించడం ప్రమాదం. రిలీఫ్ వాల్వ్ ఆర్బిట్రాల్‌లో ఉన్న బళ్లలో అలా చేస్తే పంపే పగులుతుంది. పంపు మార్చాలన్న నిర్ణయం ఈ పరీక్ష తర్వాతే.

మరమ్మతుకు ఖర్కాయి అవతల ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ దగ్గరే. రాడ్ గీతలు పడితే కొత్త సీలు వేసినా నిలవదు. రాడ్‌ను కూడా బాగుచేయించాలి.

ట్రాలీ వల్ల వచ్చే చిక్కు

స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోంది, బండి మాత్రం తిరగడం లేదు. ఇది హైడ్రాలిక్ లోపం కాదు. ట్రాలీలో బరువు ముందుకు పడి కొండీని నొక్కితే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి, నేలను పట్టవు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇది మరీ ఎక్కువ. బరువు సర్దడం, తగ్గించడం, కంపెనీ చెప్పిన ముందు బరువులు బిగించడమే మందు. ఆగి ఉన్న బండిలో నిండు బరువుతో స్టీరింగ్ తిప్పే అలవాటు మానితే సీళ్లు, టైరాడ్‌లు ఎక్కువ కాలం మన్నుతాయి.

చేయి పెట్టకూడని చోటు

ఒత్తిడిలో ఉన్న హోస్ పైపులో సూది రంధ్రం ఉంటే వేలితో తడిమి వెతకకూడదు. సన్నని ఆయిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా గంటల్లో శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం అది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. తగిలితే నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడి ఆయిల్ గుచ్చుకుందని స్పష్టంగా చెప్పాలి.

రోడ్డు మీద స్టీరింగ్ హఠాత్తుగా బరువెక్కితే బండి ఆగేదాకా ఇంజిన్ ఆపకూడదు. ఆపితే మిగిలిన కాస్త సాయం కూడా పోతుంది. రేస్ తగ్గించి, రెండు బ్రేకులూ కలిపి నెమ్మదిగా ఆపాలి. రోడ్డెక్కే ముందు ఎడమ, కుడి బ్రేక్ పెడళ్లను కొక్కెంతో కలపడం ఇందుకే తప్పనిసరి. లోపం తేలేదాకా ట్రాలీ తగిలించకపోవడం మంచిది.