పాలపన్ను వెనక మందుల కథ

పదహారో శతాబ్దంలో ఫ్రాన్సులో ఒక ప్రభువు ఇంట ఎనిమిది నెలల పసివాడు చనిపోయాడు. కారణం తేల్చమని పేరుమోసిన శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారేని పిలిపించారు. వేరే జబ్బేదీ కనబడలేదు. చిగుళ్లు మాత్రం గట్టిపడి, ఉబ్బి ఉన్నాయి. కోసి చూస్తే లోపల పళ్లు పైకి రావడానికి సిద్ధంగా ఉన్నాయి. ముందే చిగురు కోసి ఉంటే బిడ్డ దక్కేవాడని పారే తేల్చాడు.

అలా పసినోట్లోకి వచ్చిన కత్తి మూడు వందల ఏళ్లు పోలేదు. ప్రఖ్యాత వైద్యుడు జాన్ హంటర్ కూడా పద్దెనిమిదో శతాబ్దంలో చిగుళ్లు కోయడాన్ని గట్టిగా సమర్థించాడు.

పన్ను రావడాన్నే జబ్బనుకున్న కాలమది. 1840ల తొలినాళ్ల లండన్ లెక్కల్లో ఏడాదిలోపు పిల్లల చావుల్లో 4.8 శాతం పళ్లు రావడం వల్లేనని రాసుకున్నారు. పొరపాటు ఎక్కడుందంటే ఆ ఈడులో ఉంది. తొలి పన్ను తొంగిచూసేది ఆరో నెల ప్రాంతంలో. తల్లి కడుపులో అందిన రక్షణ తగ్గేదీ, చేతికందినదల్లా నోట్లో పెట్టుకునేదీ, పాలతోపాటు వేరే తిండి మొదలయ్యేదీ అప్పుడే. జ్వరం, విరేచనాలు ఆ దారుల్లో వచ్చేవి. నింద మాత్రం పన్ను మోసింది.

కత్తి తర్వాత సీసా వచ్చింది. 1849లో అమెరికాలోని బ్యాంగర్ ఊళ్లో 'మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్' అమ్మకానికి పెట్టారు. చెంచాడు పడితే ఏడుపు ఆగి బిడ్డ నిద్రపోయేది. అందులో ఉన్నది మార్ఫిన్, ఔన్సుకు సుమారు 65 మిల్లీగ్రాములు. కొందరు పిల్లలు ఆ నిద్రలోంచి లేవలేదు. 1906 నాటి చట్టం వల్ల మార్ఫిన్ సంగతి సీసా మీద రాయాల్సి వచ్చింది. 1911లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని పసిప్రాణాలు తీసే మందని ఎండగట్టింది. అయినా 1930 దాకా అమ్ముడుపోయింది.

బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో పళ్లొచ్చే పిల్లలకు పొడులు వాడారు. వాటిలో కాలొమెల్ ఉండేది, అంటే పాదరసం కలిసిన లవణం. పిల్లల అరచేతులూ అరికాళ్లూ గులాబీ రంగుకు తిరిగి చర్మం ఊడేది, వెలుతురు చూడలేకపోయేవారు. ఆ 'పింక్ డిసీజ్' 1939 నుంచి 1948 లోపు ఇంగ్లండ్, వేల్స్‌లలో 585 మందిని బలిగొంది. అమెరికా శిశువైద్యుడు జోసెఫ్ వార్కనీ 1940ల్లో గుట్టు విప్పాడు. 1950ల్లో పొడుల్లోంచి పాదరసం తీసేశాక ఆ జబ్బు దాదాపు మాయమైంది.

ఇలాంటివి పాతకాలంతోనే ఆగిపోలేదు. 2008-09లో నైజీరియాలో పళ్లొచ్చే పిల్లలకు పట్టిన ఒక సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి 84 మంది చనిపోయారు. చిగుళ్లకు రాసే బెంజొకెయిన్ జెల్ రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీయవచ్చని, రెండేళ్లలోపు వారికి వాడొద్దని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. పళ్ల బాధకని పిల్లలకు వేసే, మెడకు బిగుసుకునే, పూస ఊడి గొంతుకు అడ్డుపడే ఆంబర్ దండల గురించీ ఆ ఏడాదే హెచ్చరించింది.

మన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు కూడా పళ్లు రావడాన్ని సకల రోగాలకూ మూలమనే అనుకున్నాడు. కానీ తన 'అష్టాంగ హృదయం'లోనే, ఈ బాధల పేరిట బిడ్డను అతిగా కట్టడి చేయొద్దని, పళ్లు వచ్చేశాక అవే తగ్గిపోతాయని రాశాడు.

నేటి శిశువైద్యులు చెప్పేదీ చాలావరకు అదే. శుభ్రంగా కడుక్కున్న వేలితో చిగుళ్లను మెల్లగా రుద్దాలి. తడిపి చల్లబరిచిన శుభ్రమైన గుడ్డనో, ఫ్రిజ్‌లో ఉంచిన గట్టి రబ్బరు రింగునో దగ్గరుండి నమలనివ్వాలి. రింగును ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు. మరీ బాధపడుతుంటే బిడ్డ బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇస్తారు. తెలుగిళ్లలో ఇప్పటికీ 'పళ్ల విరేచనాలు' అని ఊరుకుంటుంటారు. అలాంటప్పుడు తల్లిపాలు ఆపకుండా, ఓఆర్‌ఎస్ పట్టిస్తూ బిడ్డను డాక్టరుకు చూపించాలి.