మూడు బల్లలపై ఒకే ఆట

చదరంగములో మొదటి ఎత్తు వేయుటకు తెల్లపావుల వానికి 20 మార్గములున్నవి. నల్లపావుల వాని జవాబుకును అన్నియే. ఇరువురును చెరియొక ఎత్తు వేయునప్పటికి 400 విధములగును. రెండేసి ఎత్తులు ముగియునప్పటికి ఆ సంఖ్య 1,97,281కి చేరును. ఇంత విశాలమైన పొలములో వేర్వేరు మనుష్యులు ఒకే గట్టుమీద నడచుట వింతగా తోచవచ్చును. కాని మంచి ఎత్తులు కొద్ది. చెడ్డవానిని అనుభవము ఏరివేయగా మిగిలినవే అందరును ఆడుదురు. కనుక మొదటి పది పండ్రెండు ఎత్తులు పాత ఆటలకు నకళ్లుగా నుండుట సామాన్యమే. ఒకేనాడు మూడు బల్లలపై ఒకే ఆట సాగుట మాత్రము అరుదు.

1955లో స్వీడన్ దేశపు గోటెబోర్గ్ నగరమున 21 మందితో పెద్ద పోటీ జరిగినది. ప్రపంచ విజేతతో తలపడదగిన వానిని ఎన్నుకొనుటలో అదియొక మెట్టు. 14వ విడతలో అర్జెంటీనా వారైన నైడోర్ఫ్, పన్నో, పిల్నిక్‌లకు సోవియట్ ఆటగాండ్రు కెరెస్, గెల్లర్, స్పాస్కీ ఎదురైరి. అర్జెంటీనా వారు ముగ్గురికిని నల్లపావులే. వారొక కొత్త పథకము సిద్ధము చేసికొని వచ్చిరి: తొమ్మిదవ ఎత్తున ఒక బంటును రెండు గడులు ముందుకు తోసి, తరువాత తమ గుఱ్ఱమునకు బల్ల నడుమ బలమైన గడిని సంపాదించుట.

పథకము బెడిసికొట్టినది. తెల్లవారు 11వ ఎత్తున బంటుకొరకు గుఱ్ఱమునే బలియిచ్చిరి. 12వ ఎత్తున మంత్రి బెదిరింపగా నల్లరాజు ఒక గడి పక్కకు జరుగక తప్పలేదు. అప్పుడు గెల్లర్ తన శకటమును నల్లబంటు చంపగల గడిలోనే పెట్టెను! శకటము తొలగుటతో తెల్లరాజు కోట కట్టుకొనుటకు దారి ఏర్పడినది. కోట కట్టిన మరుక్షణమే తెల్ల ఏనుగు, బంట్లులేక ఖాళీగానున్న నిలువు వరుసలో, నల్లరాజునకు ఎదురుగా నిలుచును. కెరెస్, స్పాస్కీలును అదే ఎత్తు వేసిరి. ఇది కాపీ కొట్టుట కాదా యని విద్యార్థులు అడుగవచ్చును. ఇరుగుపొరుగు బల్లలను చూచుట చదరంగపు పోటీలలో తప్పు కాదు. పరీక్షహాలు నియమములు అక్కడ చెల్లవు.

ఆనాడు ముగ్గురు అర్జెంటీనా వారును ఓడిరి. (పోటీ ముగియునప్పటికి పన్నో, పిల్నిక్ పై మెట్టుకు చేరిరి, నైడోర్ఫ్ చేరలేదు.) ఒకే ప్రయోగమును మూడుసార్లు చేయగా ఒకే ఫలితము వచ్చినది గదా, ఇక సందేహమేమి? కాని పరీక్షకు నిలిచిన జవాబులు రెండే. శకటము వచ్చిన వెంటనే పన్నో గుఱ్ఱమును కదిపెను, తక్కిన ఇద్దరును రాజును కదిపిరి. మూడవ జవాబును ఎవ్వరును వేసి చూడలేదు.

1958లో, అప్పటి యుగోస్లావియాలోని పోర్టొరోజ్‌లో, అటువంటి పోటీయే జరిగినది. 15 ఏండ్ల అమెరికా బాలుడు ఫిషర్ చివరి విడతలో నల్లపావులతో గ్లిగోరిచ్‌ను ఎదుర్కొనెను. ఓడినచో పై మెట్టు చేజారు ప్రమాదమున్నది. అట్టి సమయమున ముగ్గురు మునిగిన గోటెబోర్గ్ దారినే అతడు పట్టెను. గ్లిగోరిచ్ కూడ వెనుదీయలేదు. గుఱ్ఱపు బలి, మంత్రి బెదిరింపు, శకటము అన్నియు వరుసగా వచ్చినవి. అప్పుడు ఫిషర్ మూలనున్న ఏనుగును ఒక్క గడి ముందుకు జరిపెను. మరుసటి ఎత్తున అది పక్కకు వచ్చి, ఆ ఖాళీ వరుసలో రాజునకు అడ్డుగా నిలిచెను. గ్లిగోరిచ్ కొన్ని బంట్లను గెలిచెను గాని రాజును పట్టలేకపోయెను. ఆట సమముగా ముగిసినది. 12 పాయింట్లతో ఐదవ స్థానమును మరొకనితో పంచుకొని ఫిషర్ పై మెట్టుకు చేరెను.