జిహ్వాపర్ణము - గోండ్వాన శిలాపత్రములు

వంగదేశపు పశ్చిమసీమయందలి రాణీగంజ బొగ్గుగనులలో నల్లని పలకరాళ్లను పొరలుగా చీల్చినచో వానినడుమ ఆకుల యచ్చులు కానవచ్చును. ఆ యాకు నాలుకవలె పొడవైనది. నడుమ దృఢమైన యీనెయు, దానినుండి యిరుప్రక్కలకు వలవలె నల్లుకొనిన సన్నని యీనెలును దానికి గలవు. హిందూదేశమునందును ఆస్ట్రేలియాయందును దొరకిన యిట్టి యాకులను పరిశీలించి ఫ్రెంచిదేశీయుడగు అడాల్ఫ్ బ్రోన్యార్ 1828లో 'గ్లోసోప్టెరిస్' అని నామకరణము చేసెను. గ్రీకుభాషయందు గ్లోస్సా యనగా నాలుక; ప్టెరిస్ అనగా ఫెర్ను మొక్క. సంస్కృతమున దీనిని జిహ్వాపర్ణ మనవచ్చును. పర్ణశబ్దము ఆకును మాత్రమే తెలుపును గాన ఉత్తరపదమునందలి ఫెర్ను అను నర్థము జాఱిపోవును. అది జాఱిపోవుటయే మేలు. ఏలయన నీ వృక్షము ఫెర్ను కాదు, విత్తనములు గల చెట్టు. దక్షిణాఫ్రికాలో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ అను విదుషి ఆకులనంటియున్న ఫలాంగములను 1952లో వెల్లడించిన పిదపనే ఈ విషయమునకు బలమైన ప్రమాణము లభించినది. అయినను పేరు మాఱలేదు. మండపశబ్దమున గంజి త్రాగువాడను నవయవార్థమును విడిచి లోకము కట్టడమునే గ్రహించినట్లు, ఇచటను యోగము నశించి రూఢి నిలిచినది.

ఈ శాస్త్రమున నామబాహుళ్యము పెద్ద చిక్కు. చెట్టు చెట్టంతయు నొకచోట రాయిగా మాఱుట అరుదు. ఆకు వేఱు, వేరు వేఱు, మ్రాను వేఱుగా దొరకును. దొరకినదానికెల్ల నప్పటికప్పుడే పేరు పెట్టుదురు. వెన్నుపూసల వరుసవలె ఖండఖండములుగా కనబడు నొక శిలారూపమును 'వెర్టెబ్రేరియా' యని పిలిచి చిరకాలము వేఱొక మొక్కగా నెంచిరి. అది జిహ్వాపర్ణపు వేరేయని తరువాత తేలినది. బిరుదనామములను జూచి యొక్క కవినే మువ్వురుగా లెక్కించిన గ్రంథచరిత్రకారులకు ఈ యిబ్బంది క్రొత్తది కాదు. ఆ వేళ్లలో గాలియఱ లున్నవి. కావున నది చిత్తడినేలల చెట్టని యూహింతురు. మ్రానులలో ఏటేటి వలయములు స్పష్టముగా నున్నవి. ఆకులు పొరలుపొరలుగా రాలియున్నవి. ఋతుభేదము తీవ్రముగా గల దేశమున, శీతకాలమున ఆకు రాల్చిన చెట్టిది. ఈ బొగ్గుపొరల యడుగున ఒరిస్సాలోని తాల్చేరు ప్రాంతమున హిమనదులు మోసితెచ్చిన గుండ్లు గల శిలలను బ్లాన్‌ఫర్డ్ సోదరులును థియోబాల్డును 1856లో గుర్తించియుండిరి.

ఈ శిలాసముదాయమునకు 'గోండ్వాన' మను పేరు 1872లో మెడ్లికాట్ కల్పింపగా 1876లో ఆటోకర్ ఫైస్ట్‌మాంటెల్ దానిని అచ్చునకు దెచ్చెను. గోండుల వనమని యర్థము. ఆఫ్రికా, మడగాస్కరు, హిందూదేశము లొకప్పు డేకభూభాగమని తలచిన ఆస్ట్రియా పండితుడు ఎడ్వర్డ్ స్యూస్ 1885లో దానికి 'గోండ్వానభూమి' యని పేరిడెను. వనశబ్దమే ప్రదేశమును దెలుపుచుండ మరల భూమిశబ్ద మేల యని వైయాకరణు లాక్షేపింపవచ్చును. పునరుక్తి యున్నను లోకమున నదియే నిలిచినది.

ఈ యాకుల వయస్సును గూర్చిన వాదము మిక్కిలి దీర్ఘమైనది. ఆస్ట్రేలియా బొగ్గుపొరలలోని మొక్కలను యూరపుఖండపు మొక్కలతో పోల్చి, అవి జురాసిక్ యుగమువని ఫ్రెడరిక్ మెక్కాయ్ 1847లో నిర్ణయించెను. డబ్ల్యు. బి. క్లార్క్ అను మతాచార్యుడు దాని నంగీకరింపక, అదే పొరలకు క్రిందను మీదను అంతకంటె ప్రాచీనమైన సముద్రజీవుల గుల్ల లున్నవని చూపెను. హిందూదేశపు దమూదా శిలలను గూర్చి ఫైస్ట్‌మాంటెల్ సహితము మొక్కల సాదృశ్యమునే నమ్మి వానిని ట్రయాసిక్ యుగమునకు దింపెను. తుదకు క్లార్కు పక్షమే నెగ్గినది. జిహ్వాపర్ణము పెర్మియన్ యుగమునాటిది. అనగా సుమారు 30 కోట్ల యేండ్లనుండి 25 కోట్ల యేండ్ల క్రిందటివఱకు బ్రదికినది. ఒకదేశపు వాఙ్మయక్రమమును మానదండముగా జేసికొని మఱియొకదేశపు కవుల కాలమును కొలుచుట యెంత ప్రమాదమో, యిదియు నంతియే. లోకమంతట నొక్కకాలమున నొక్కరీతి మొక్కలే యుండవలెనను నియమము ప్రకృతికి లేదు.

1912 ఫిబ్రవరి 8వ తేదీన దక్షిణధ్రువమునుండి మరలివచ్చుచున్న కాప్టెన్ స్కాట్ బృందము బియర్డ్‌మోర్ హిమానీనదమునొద్ద బక్లీ పర్వతము క్రింద ఆకుముద్రలు గల రాళ్లను సేకరించెను. ఆహారము తఱిగి, కాళ్లు మంచుచే చెడి, ఒక్కొక్కరుగా నేలకొఱగుచున్నను వారు ఆ 35 పౌనుల రాళ్లను పాఱవేయలేదు. ఆ యేటి నవంబరులో కళేబరములతోగూడ నవి దొరకెను. 1914లో ఆచార్య సీవర్డ్ వానిని పరీక్షించి 'గ్లోసోప్టెరిస్ ఇండికా' యని నిర్ణయించెను. ఇండికా యన భారతీయము. మంచుగడ్డలక్రింద దొరకిన యాకుకు భారతదేశపు పేరు! ఖండములు కదలునని 1912లో వాదింప మొదలిడిన వెగనర్‌కు ఈ యాకు గొప్ప సాక్షి యయ్యెను. నడుమనున్న భూమి సముద్రమున మునిగినదను స్యూస్ మతము తరువాత వీగిపోయి, ఖండచలనమే 1960 తరువాత సర్వసమ్మత మయ్యెను.

తెలుగునేలయందు ప్రాణహితా గోదావరీ లోయ యీ శిలలకు నెలవు; గోండులు నేటికిని నివసించు ఆదిలాబాదు సీమయు నందే యున్నది. ఇల్లెందు ప్రాంతపు బొగ్గును భూతత్త్వశాఖవాడగు విలియం కింగ్ 1872 నాటికే ప్రకటించెను. కొత్తగూడెము, రామగుండము గనుల బొగ్గు జిహ్వాపర్ణపు అడవులయొక్క శేషమే.

తీరమునకు వచ్చునప్పటికి మొక్కలు మాఱును. గోలపల్లి, రాఘవాపురము, ఒంగోలు ప్రాంతపు వేమవరము శిలలలో ఈకవంటి 'టైలోఫిల్లం' ఆకులున్నవి. 1877, 1879లలో వీనిని వర్ణించినవాడును ఫైస్ట్‌మాంటెలే. ఇట్టి యాకు నొకపేరను, దాని మ్రానును వేఱొకపేరను, పుష్పమును మఱియొకపేరను పిలుచుచుండగా, రాజమహలు కొండల శిలలనుబట్టి మూటి నొక్క వృక్షముగా కూర్చి చూపినవాడు బీర్బల్ సాహ్ని, అది 1932లో. తీరపు మొక్కలనుబట్టి పూర్వులు ఈ శిలలను జురాసిక్ యుగమువనిరి. కాని రాఘవాపురమునందును ఒంగోలు సీమయందును ఆకులు గల శిలలలోనే దొరకిన అమ్మోనైటు గుల్లలు అంతకు తరువాతిదగు క్రెటేషియస్ యుగారంభమును చూపుచున్నవి. క్లార్కు ఆస్ట్రేలియాలో ఎత్తిన గుల్లల సాక్ష్యమే ఇచటను ఆకుల సాక్ష్యమును దిద్దినది. అచట ఆకుల వయస్సు పెరిగెను, ఇచట తగ్గెను.